చారల గాజులో మాయమైన పలకలు

కొలతమ్మ చూపుడువేలికి ప్లాస్టరు ఉంది. అందుకని మధ్యవేలితో బ్రాకెట్లు పెడుతోంది. వరుస మొదట్లో ఒకటి, చివర ఒకటి. కింది వరుసకు దిగి మళ్ళీ మొదట్లో ఒకటి, చివర ఒకటి. ప్రోగ్రాము రాసే భాష పాత వెర్షనులో ఫలానాది తెర మీద చూపించమంటే చాలు, చూపించేది. కొత్తదానికి మర్యాదలెక్కువ. చూపించాల్సినదాన్ని రెండు బ్రాకెట్ల మధ్య కూర్చోబెట్టి అందిస్తేగానీ ముట్టదు. ఒక్క వరుసలో మరిచిపోయినా ఎర్రక్షరాలతో కేకలు పెట్టి, ప్రోగ్రామును అక్కడికక్కడే ఆపేస్తుంది.

ఆ కేకలకు ఆమె భయపడలేదు. ఎక్కడ నొప్పో నోరు తెరిచి చెప్పే రోగితో వైద్యుడికి పేచీ ఉండదు. ఫలానా వరుసలో తప్పుందని అది అరుస్తుంది. ఈమె వెళ్ళి ఆ వరుసను సరిచేస్తుంది.

"అయిందా?" అంటూ గాజు షాపు యజమాని, ఆమె అన్నయ్య, తలుపులోంచి తల పెట్టాడు.

"అవుతోంది."

"పొద్దుట్నుంచీ ఇదే మాట. పొయ్యి మీద అన్నం కూడా అవుతుంది. కాకపోతే దానికి కాస్త వాసనైనా వస్తుంది."

"దీనికి వాసనొస్తే అప్పుడు భయపడు అన్నయ్యా. ఇది కంప్యూటరు."

నిజానికి పాత కంప్యూటరు వాసనొచ్చే పోయింది. ఒక మధ్యాహ్నం లోపలి నుంచి సన్నగా పొగ తీసి, మళ్ళీ కళ్ళు తెరవలేదు. రిపేరు చేసే ఆయన వచ్చి, అందులోని ఫైళ్ళన్నీ కొత్త డబ్బాలోకి మార్చి పెట్టాడు. ప్రోగ్రాము రాసిన భాష కూడా కొత్త వెర్షనే ఎక్కించాడు. పాత వెర్షను కావాలంటే ఈ మిషనుకు అది పట్టదన్నాడు. "ఏం కంగారు పడకండమ్మా. పాతదాంట్లో ఉన్నవన్నీ ఇందులోనూ ఉంటాయి, ఇంకా బాగుంటాయి" అని హెల్మెట్టు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి ఎర్రక్షరాలు ఆగిపోయాయి. మామూలు గాజు ఆర్డరు ఒకటి ఇచ్చి నడిపితే ప్లాను చక్కగా వచ్చింది. కొలతమ్మ కుర్చీలో వెనక్కి వాలి మెడ విరుచుకుంది.

ఆమె అసలు పేరుతో ఆ షాపులో ఎవరికీ పని లేదు. చిన్నప్పుడు తండ్రి గాజు కొలుస్తుంటే టేపు రెండో కొస పట్టుకునేది ఆమె. తండ్రి ఒక అంకె చెబితే, "ఇంకో అర గీత ఎక్కువుంది నాన్నా" అనేది. తండ్రి కళ్ళజోడు సర్దుకుని చూస్తే నిజంగానే ఉండేది. అప్పటి నుంచి కొలతమ్మ. బడి అయ్యాక ఇంకేం చదవలేదు. పెళ్ళయ్యాక కూడా షాపుకు వస్తూనే ఉంది. అన్నయ్య బేరాలు చూస్తాడు, వదిన కౌంటరు చూస్తుంది, మేస్త్రీ గాజు కోస్తాడు, కొలతలన్నీ ఈమె చూస్తుంది.

వెనక గదిలో తునకలు పేరుకుపోయిన రోజుల్లో ఆమె ఈ ప్రోగ్రాము మొదలుపెట్టింది. పెద్ద షీటులోంచి కావలసిన పలకలు కోయగా మిగిలేవి తునకలు. ఎలా పరిస్తే తక్కువ మిగులుతుందో ఆమె కాగితం మీద గీసి చూసేది. గీసి గీసి విసుగెత్తి, ఈ విసుగు కంప్యూటరుకు అప్పగిస్తే పోలా అనుకుంది. పాత పుస్తకాల కొట్లో దొరికిన పుస్తకానికి మధ్య పేజీలు లేవు. ఆ లేని పేజీల్లో ఏముండాలో సొంతంగా ఆలోచించి రాసుకుంది. కొన్ని చోట్ల పుస్తకం రాసినవాళ్ళు చూస్తే నవ్వుకునేట్టే ఉంటుంది. కానీ ప్లాను సరిగ్గా వచ్చేది.

మేస్త్రీ మొదట్లో ఆ కాగితాన్ని ముట్టుకోలేదు. "గాజును చూడాల్సింది కన్ను, డబ్బా కాదు" అన్నాడు. కొన్నాళ్ళకు వెనక గది ఖాళీ అయింది. అక్కడ ఆయన మధ్యాహ్నం కునుకు తీయడానికి ఒక మడత మంచం పట్టింది. ఆ తర్వాత డబ్బా గురించి ఇంకేమీ అనలేదు.

తండ్రి నేర్పిన పద్ధతి ఒకటి ఆ షాపులో ఉండేది. ఏ ఆర్డరైనా కట్టరు చేతిలోకి తీసుకునే ముందు రెండుసార్లు పైకి చదవాలి. మొదటి చదువు అన్నిట్లోకి ఎత్తైన పలక కోసం; ఆ ఎత్తు ఎంతో ఆర్డరు పైనే రాసి ఉంటుంది. అది దొరకగానే ఆగి, ముందు దానికి షీటు మీద చోటు గుర్తుపెట్టాలి. రెండో చదువు మళ్ళీ మొదటి నుంచి. ఈసారి మిగతా పలకలను పెద్దదాని చుట్టూ సర్దాలి. కొలతమ్మ ఈ రెండు చదువులనూ యథాతథంగా ప్రోగ్రాములో పెట్టింది. అది వచ్చాక షాపులో మనుషులు చదవడం మానేశారు. డబ్బా రెండుసార్లు చదువుతోందిగా, మళ్ళీ మన నోరెందుకు నొప్పి పుట్టించుకోవడం అని.

కంప్యూటరు మారిన వారంలో పెద్ద ఆర్డరు వచ్చింది. ఈతకొలను దగ్గర బట్టలు మార్చుకునే గదుల పాత కిటికీలకు చారల గాజు. వెలుతురు రావాలి, మనిషి కనపడకూడదు. ఆ రకం చారలు తీసే ఫ్యాక్టరీ మూతపడింది. అన్నయ్య ఎక్కడెక్కడో వాకబు చేస్తే ఒక గోడౌను మూలలో ఆఖరి పెట్టె దొరికింది. ఇంకొకటి కావాలన్నా లేదు. మామూలు గాజునైతే ఎటు తిప్పి కోసినా ఫరవాలేదు. చారల గాజుకు కిటికీలో చారలు నిలువుగానే రావాలి. అందుకని ప్రోగ్రాములో దీనికి వేరే దారి ఉంది. ఫిల్టర్ అనే ఆజ్ఞ ఒకటి ఆర్డరులోంచి నిలువు చారల పలకలను ఏరి ఇస్తుంది. రెండు చదువులూ వాటి మీదే జరుగుతాయి.

ప్లాను అచ్చయింది. అడుగున పలకల 'మొత్తం' ఆర్డరుతో సరిపోయింది. మేస్త్రీ కంబళి పరిచిన బల్ల మీద మొదటి షీటు పడుకోబెట్టాడు. కట్టరును కిరసనాయిల్లో ముంచి, కాగితం వైపు ఒకసారి చూశాడు.

"ఇంత ఖాళీ వదిలేసిందేంటి కొలతమ్మా? మీ డబ్బాకి ఇవాళ ఒంట్లో బాలేదా?"

"తర్వాతి షీటుకు అలా కుదిరుంటుంది మేస్త్రీ గారూ. కానివ్వండి."

మేస్త్రీ గీత లాగాడు. గాజు మీద కట్టరు చేసే చిన్న ఏడుపు, తర్వాత రెండు బొటనవేళ్ళ ఒత్తిడి, టక్కుమని ఒక చప్పుడు. మొదటి కాగితంలో ఉన్నవన్నీ కోసి పక్కన నిలబెట్టి, రెండో కాగితం తీసుకున్నాడు. దాంట్లో ఒకే ఒక్క పలక ఉంది. మూడో కాగితం లేదు.

"మిగతావి ఏవి?"

"మిగతావేంటి?"

"కిటికీ ఆర్డరు తల్లీ. పైన వెంటిలేటర్లు, పక్క రెక్కలు. అవేవీ?"

కొలతమ్మ కాగితాలు లాక్కుని చూసింది. అడుగున మొత్తం సరిగ్గానే ఉంది. పైన బొమ్మలో సగానికి పైగా పలకలు లేవు. ఆ మొత్తం ఆర్డరులోంచి నేరుగా లెక్కపెట్టేది, బొమ్మలోంచి కాదు. ఆ ముక్క రాసిన ఆమెకే ఇప్పుడు గుర్తొచ్చింది. కోసేసిన షీటులో మిగిలింది పొట్టి, వెడల్పు ముక్క. దాంట్లోంచి ఎత్తు పలక రాదు. గాజుకు అతుకు లేదు.

అన్నయ్య వచ్చి ఆ ముక్క చుట్టూ ఒకసారి తిరిగాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"పోయిన నెల బ్యాగు వేసుకుని ఒకాయన వచ్చాడు గుర్తుందా? రెడీమేడ్ ప్లానింగు సాఫ్ట్‌వేరు. వాళ్ళదే, రిపేరొస్తే వాళ్ళే చూసుకుంటారు. నీ మీద గౌరవంతో పంపించేశాను."

"ఇప్పుడేమంటావు?"

"ఈ పెట్టెలో మిగిలిన గాజుతో ఈ ఆర్డరు బయటికి పోవాలి. నీ ప్రోగ్రాము దారి చూపిస్తే సరే. లేదంటే ఆయన్ని పిలుస్తాను. నువ్వు ఫోన్లు చూసుకుందువుగాని."

"దాన్ని నేను సరిచేస్తాను. కొత్త వెర్షను వల్ల…"

"ఆడలేక మద్దెల ఓడనకు. వెర్షను కిటికీలు బిగించదు."

వదిన కౌంటరు వెనక నుంచి గొంతు కలిపింది. "ఫోన్ల దగ్గరికి పంపితే పంపండి గానీ, నా కుర్చీ మాత్రం ఇవ్వను. ఇప్పుడే చెప్తున్నా."

ఎవరూ నవ్వలేదు. వదిన ఒక్కతే కాస్త నవ్వి, ఆపేసింది.

ఫోన్లు చూడటం చిన్న పనేమీ కాదు. కానీ మాట్లాడటం ఒకటి, చెయ్యడం ఒకటి. కొలతమ్మకు రెండోది లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఆమె మళ్ళీ కూర్చుంది. ఈసారి ఎర్రక్షరాలు లేవు. ప్రోగ్రాము నిమ్మకు నీరెత్తినట్టు నడిచి, అదే తప్పు ప్లాను మళ్ళీ ఇచ్చింది. ఆర్డరులో పలకల వరుస తిరగేసి ఇచ్చింది. ఈసారి వేరే పలకలు మాయమయ్యాయి. ఇందాక లేని వెంటిలేటర్లు, పక్క రెక్కలు వచ్చాయి, ఇందాక ఉన్నవి పోయాయి. ఆమెకు ఒళ్ళు మండింది. తప్పు చేస్తే చేసింది, ఒకే తప్పు చెయ్యకూడదా?

ఎత్తు ప్రకారం పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరుస పెట్టి ఇచ్చింది. అన్ని పలకలూ వచ్చేశాయి!

"వదినా! వచ్చేశాయి!"

"ఎవరు?"

"పలకలు! అన్నీ!"

వదిన వచ్చేలోపు, ఇది కాకతాళీయమేమోనని మొదటిసారి ఇచ్చిన వరుసలోనే మళ్ళీ ఇచ్చి చూసింది. మళ్ళీ సగం లేవు. వదిన తెర వంక చూసి, ఆమె వంక చూసి, మంచినీళ్ళ సీసా పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

పెద్దదాన్ని ముందు పెట్టి ఇలాగే కానిచ్చేయొచ్చు. ఆ ఆలోచన రాకపోలేదు. కానీ ఎందుకు వచ్చిందో తెలియకుండా వచ్చిన మంచి ప్లాను, ఎందుకు వచ్చిందో తెలియని చెడ్డ ప్లాను కంటే నమ్మదగినది కాదు. ఇవాళ కుదిరింది రేపు కుదరకపోతే? ఆ రేపటికి ఇంకో పెట్టె ఉండదు.

ఆమెకు తెలిసిన వైద్యం ఒక్కటే. ఎక్కడ అనుమానం ఉంటే అక్కడ, దాని పొట్టలో ఏముందో తెర మీద చూపించమని అడగటం. ఫిల్టర్ ఏరి ఇచ్చిన వెంటనే, మొదటి చదువుకు ముందే, ఏరినవన్నీ చూపించమని ఒక వరుస రాసింది. నడిపింది.

తెర మీద పలకలన్నీ వరుసగా వచ్చాయి. ఒక్కటి కూడా తగ్గలేదు. హమ్మయ్య అనుకుని ప్లాను వైపు చూసింది. ప్లానులో ఒక్క పలక కూడా లేదు. ఖాళీ షీటు బొమ్మ.

తాను రాసిన ఆ ఒక్క వరుస తీసేసింది. సగం పలకలు తిరిగొచ్చాయి. వరుస పెట్టింది. అన్నీ పోయాయి. తీసింది. సగం వచ్చాయి. చూడకపోతే సగం ఉంటున్నాయి, చూస్తే పూర్తిగా పోతున్నాయి. కొలతమ్మ తెర ముందు నుంచి లేచి వెళ్ళి ముఖం కడుక్కుంది. టేపుతో కొలిస్తే గాజు పొట్టిదవుతుందా? మనిషి చూసినంత మాత్రాన లోపలున్నది మాయమవుతుందా? దృష్టి తగలడమంటే ఇదేనేమో అని కూడా ఒక క్షణం అనిపించి, తన మీద తనకే చిరాకు వేసింది.

రిపేరు ఆయనకు ఫోను చేసింది.

"మా వైపు అంతా బాగానే ఉందండీ" అన్నాడు.

"మీ వైపంటే ఏ వైపండీ? కంప్యూటరు నా బల్ల మీద ఉంది."

"అదేనమ్మా, మిషను వైపు. ప్రోగ్రాము మీ వైపు."

ఇంటర్నెట్టులో ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఒకరినొకరు అడిగి చెప్పుకునే చోట తన గోడు రాసింది. ఎవరో ఒక్క ముక్కలో బదులిచ్చారు: కొత్త వెర్షనులో ఏమేం మారాయో ఆ పేజీ చదవండి. చదివింది. ఆమె ఇంగ్లీషు పని మేరకు నేర్చుకున్నది. పేజీ చాంతాడంత ఉంది. ఫిల్టర్ ఇకమీదట జాబితా ఇవ్వదని అందులో ఒక వాక్యం ఉంది. ఇవ్వకపోతే ఇవ్వకపోనీ, నాకు కావలసింది పలకలు గానీ జాబితా కాదు అనుకుని కిందికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఈత నేర్పే టీచరు షాపుకు వచ్చింది. జుట్టు ఇంకా తడిగానే ఉంది. భుజాన తువ్వాలు తీయడం మరిచిపోయి అలాగే వచ్చేసినట్టుంది.

"ఏమండీ, మా కిటికీలు ఎంతవరకు వచ్చాయి?"

"పనిలోనే ఉన్నాయండీ" అన్నాడు అన్నయ్య.

"నాకు పనిలో కాదండీ, గోడలో కావాలి. వడ్రంగి పాత చట్రాలు ఊడదీసి ప్లైవుడ్డు కొట్టాడు. లోపల చీకటి. నిన్న ఒక పెద్దావిడ చీకట్లో వేరేవాళ్ళ బట్టలు తొడుక్కుని ఇంటికెళ్ళిపోయింది. ఆ వేరే ఆవిడ తువ్వాలుతో నా ఆఫీసులో కూర్చుంది. నేనేం చెప్పను?"

"ఇంకొంచెం ఓపిక పట్టండి."

"నా దగ్గర ఓపిక బోలెడు ఉందండీ. ఆవిడ దగ్గర బట్టలే లేవు."

టీచరు వెళ్ళాక అన్నయ్య ఫోను తీసి, సాఫ్ట్‌వేరు అమ్మే ఆయన కార్డు వెతికాడు. నంబరు నొక్కాడు. "వచ్చి ఒకసారి చూపించండి" అనడం కొలతమ్మకు వినిపించింది. తనకు వినపడాలనే అన్నాడో, మామూలుగానే అన్నాడో ఆమెకు తెలియలేదు. ఆ రోజు తెలియని వాటిలో అదొకటి.

సాయంత్రం ఇంట్లో ఆమె భర్త ఒక కుట్టుమిషను తల ఊడదీసి పాత పేపరు మీద పెట్టుకుని కూర్చున్నాడు. కుట్టుమిషన్లు బాగుచేయడం ఆయన పని.

"ఏమండీ, మిషను కుట్టు వదిలేస్తోందనుకోండి. విప్పి చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడేం చేస్తారు?"

"మోటారు తీసేస్తాను."

"తీసేసి?"

"చేత్తో చక్రం తిప్పుతాను. మెల్లగా. సూది దిగేటప్పుడు దారం ఎక్కడుంది, పైకొచ్చేటప్పుడు ఎక్కడుంది అని ఒక్కొక్క కుట్టూ చూస్తాను. మోటారు వేగంలో దొంగ దొరకడు." ఆయన నూనె చుక్క వేసి చక్రాన్ని ఒక చుట్టు తిప్పాడు. "నీ డబ్బాకి చక్రముందా?"

"లేదు."

"మరైతే నాకు తెలీదు. అన్నం పెట్టు."

చక్రం లేదు. కానీ చేతులున్నాయి. మర్నాడు మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు కొలతమ్మ అట్టముక్కలు కత్తిరించి, ఒక్కో దాని మీద ఒక్కో పలక కొలత రాసింది. అయిదే అయిదు. చిన్నది, నడిమిది, ఎత్తైనది, చిన్నది, నడిమిది. వాటిని పట్టుకుని కౌంటరు దగ్గరికి వెళ్ళింది. వదిన నారింజపండు ఒలుచుకుంటోంది.

"వదినా, ఓ అయిదు నిమిషాలు నువ్వు ఫిల్టరువి."

"నీటిదా, కాఫీదా?"

"కంప్యూటర్లోది. ఈ చీటీలు నీ దగ్గర ఉంటాయి. నేను అడిగినప్పుడల్లా ఒక్కోటి చదివి చెప్పు. నేను ప్రోగ్రామును."

"ఇదేం ఆటే తల్లీ. నీకు నిద్ర లేదా రాత్రి?"

"లేదు. చదువు."

వదిన ఒక చేత్తో నారింజ తొన నోట్లో వేసుకుని, రెండో చేత్తో పై చీటీ తీసింది. "చిన్నది" అంది. చెయ్యి తొక్కల బుట్ట మీదుగా పోయింది. తర్వాతి చీటీ తీసి "నడిమిది" అంది. చెయ్యి మళ్ళీ బుట్ట మీదుగా పోయింది. "ఎత్తైనది."

"ఆగు. మొదటి చదువు అయింది. ఇదే నాకు కావలసింది." కొలతమ్మ కాగితం మీద షీటు గీసి, ఎత్తు పలకకు చోటు గుర్తుపెట్టింది. "ఇప్పుడు రెండో చదువు. మళ్ళీ మొదటి నుంచి చెప్పు."

"చిన్నది. నడిమిది. అయిపోయాయి."

"అవి చివరివి వదినా. మొదటి నుంచి."

"మొదటివి ఎక్కడున్నాయి?" వదిన ఖాళీ చెయ్యి చూపించింది. "చదివేశాగా, బుట్టలో వేశాను."

"బుట్టలో ఎందుకు వేశావ్?"

"మళ్ళీ కావాలని ముందు చెప్పావా? ఒకసారి చదవమన్నావ్, చదివాను. చదివేసిన చీటీ నెత్తిన పెట్టుకుంటానా?"

కొలతమ్మ కోపంగా ఏదో అనబోయి, తన చేతిలోని కాగితం చూసింది. ఎత్తు పలక ఒకటి, దాని పక్కన చివరి రెండు. మొదటి రెండు లేవు.

ఆమె పరుగున వెళ్ళి తప్పు ప్లాను తెచ్చింది. వేలు పెట్టి ఆర్డరుతో సరిచూసింది. ఆర్డరులో ఎత్తు పలకకు ముందున్నవన్నీ ప్లానులో లేవు. తర్వాతవన్నీ ఉన్నాయి. తిరగేసి ఇచ్చినప్పుడు వచ్చిన ప్లాను చూసింది. దాంట్లోనూ అంతే. ఎత్తుది మొదట్లోనే ఉన్నప్పుడు దాని ముందు పోవడానికి ఏమీ లేదు, అందుకే అన్నీ వచ్చాయి.

"వదినా, నేను రెండు చదువులూ మొదలుపెట్టకముందే అన్నీ ఒకసారి చదివి చూపించమంటే?"

"చదివి చూపిస్తాను. చదివి, అన్నీ బుట్టలో వేస్తాను."

"తర్వాత ప్లాను వెయ్యాలంటే?"

"నారింజ తొక్కలున్నాయి, కావాలా?"

కొలతమ్మ కౌంటరు మీద తల ఆనించి నవ్వింది. చూస్తే ఎందుకు మాయమవుతున్నాయో కూడా అదే. పాత వెర్షనులో ఫిల్టర్ ఏరినవాటిని జాబితాగా పరిచి చేతికిచ్చేది. ఎన్నిసార్లు చదివినా అవి అక్కడే ఉండేవి. కొత్తది ఒక్కొక్కదాన్నే చెప్పి, చెప్పినదాన్ని వదిలేస్తోంది. రెండోసారి అడిగితే మిగిలినవాటి నుంచే మొదలుపెడుతోంది. తన ప్రోగ్రాము నిండా రెండో చదువులే.

"అంటే నేను కంప్యూటరంత తెలివిగలదాన్నన్నమాట" అంది వదిన.

"కొత్త వెర్షనంత."

"అది మెచ్చుకోలా, తిట్టా?"

"ఇంకా తేల్చుకోలేదు."

దిద్దుబాటు ఒక్క మాట. ఏరినవాటిని మొదట జాబితాగా పరిచి, ఆ తర్వాతే ఇవ్వమని. పాత వరుసలోనే ఆర్డరు ఇచ్చి నడిపింది. పలకలన్నీ వచ్చాయి. తిరగేసి ఇచ్చింది. వచ్చాయి. పొట్టలో ఏముందో చూపించమంది. చూపించింది, చూపించాక కూడా ఉన్నాయి. ప్రోగ్రాము మొత్తం వెతికితే ఫిల్టర్ ఇంకో మూలన కూడా దొరికింది. రంగు గాజు కోసం రాసిన చోట. కంప్యూటరు మారాక రంగు గాజు ఆర్డరు రాలేదు కాబట్టి బతికిపోయారు. అక్కడా అదే మాట పెట్టింది. అడుగున మొత్తాన్ని ఇకనుంచి బొమ్మలోంచే లెక్కపెట్టమంది.

ఇంత చేసినా ఒక సంగతి ఆమెకు మింగుడుపడలేదు. బాగున్న పద్ధతిని ఎందుకు మార్చారు? చోటు ఆదా, పని ఆదా అని ఆ పేజీలో ఏదో రాశారు. వేలకు వేలు చదివేవాళ్ళకు అది నిజమే అయ్యుండాలి. తన గంపెడు పలకలకు అది ఏం ఆదా చేసిందో మాత్రం అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని అలాగే పక్కన పెట్టింది, ఎందుకంటే అసలు చిక్కు ఇంకా అలాగే ఉంది.

ఒక షీటు కోసేశారు. మిగిలిన షీట్లలో మిగతా పలకలన్నీ పట్టడం లేదు. ప్రోగ్రాము ఎలా పరిచినా వెంటిలేటర్ల వరుస బయటే నిలబడింది. మేస్త్రీ కూడా నేల మీద సుద్దతో గీసి చూసి పెదవి విరిచాడు.

"వెంటిలేటర్లకు చారలు అడ్డంగా పెడితే?" అన్నాడు అన్నయ్య. "అంత ఎత్తున ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను బాబూ" అన్నాడు మేస్త్రీ. "ఈత రాదు కాబట్టి రోజూ చూడను. కానీ అక్కడున్నట్టు నాకు తెలుసుగా."

కొలతమ్మ లేచి వెళ్ళి, గోడకు ఆనించిన ఆ పొట్టి వెడల్పు ముక్కను టేపుతో కొలిచింది. అందరూ దాన్ని పోయిన గాజు కిందే కట్టేశారు. ఎత్తు పలకలు దాంట్లోంచి రావన్నది నిజం. వెంటిలేటరు ఎత్తు పలక కాదు. ఆ ముక్కను కూడా ఒక షీటుగా ప్రోగ్రాముకు చెప్పి నడిపింది. యంత్రం కాసేపు గుర్రుమంది. వెంటిలేటర్లు వెళ్ళి ఆ ముక్కలో పక్కపక్కనే నిలబడ్డాయి, చారలు నిలువుగా. పక్క రెక్కలు వాటంతటవే మిగతా షీట్లలో సర్దుకున్నాయి. చివర్లో మిగిలింది చిటికెన వేలంత పట్టీ.

మేస్త్రీ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. "కట్టరు మందం పోయాక సరిపోతుందా?"

"సరిపోతుంది. అర గీత మిగులుతుంది."

"నువ్వన్నావా, డబ్బా అందా?"

"ఇద్దరం."

"అయితే చదువు."

ఆమె ఆర్డరు పట్టుకుని చదివింది. ఆయన ప్లాను మీద ఒక్కొక్క పలక మీదా పెన్సిలుతో చుక్క పెట్టాడు. ఎత్తుది దొరికింది, ఆగారు, మళ్ళీ మొదటి నుంచి చదివారు. చుక్క లేని పలక ఒక్కటీ మిగల్లేదు. అప్పుడు ఆయన కట్టరు తీసుకున్నాడు.

ఆ సాయంత్రమంతా షాపులో అదే పని. గీత, ఒత్తిడి, టక్కు. గీత, ఒత్తిడి, టక్కు. అన్నయ్య ఒకసారి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వెంటిలేటర్లలో ఆఖరిది ముక్కలోంచి విడిపోయేటప్పుడు ఊపిరి బిగబట్టి, అది శుభ్రంగా విడివడ్డాక వదిలాడు. తర్వాత బయటికి వెళ్ళి ఫోనులో, "ఇప్పుడు వద్దులెండి. అవసరమైతే నేనే చేస్తాను" అన్నాడు. లోపలికొచ్చి, రంగు గాజుకు ఒక బేరం వచ్చేట్టుందని, ప్రోగ్రాము దానికి కూడా పనికొస్తుందా అని చెల్లెల్ని అడిగాడు.

"నిన్న అడిగితే పనికొస్తుందని అబద్ధం చెప్పుండేదాన్ని" అంది ఆమె. "ఇవాళ పనికొస్తుంది."

అంచులు రాయితో మెత్తన చేసి, పలకల మధ్య కాగితాలు పెట్టి, మేస్త్రీ వాటిని చెక్క చట్రంలో నిలువుగా కట్టాడు. వడ్రంగి వ్యానులో వచ్చాడు. ఆయన వెనకే ఈత టీచరు కూడా దిగింది, ఈసారి తువ్వాలు లేకుండా.

వడ్రంగి ఒక వెంటిలేటరు పలక పైకి తీసి, చారలు ఎటున్నాయో చూసి, వేలితో అంచు తడిమాడు. మూలమట్టం ఆనించి చూశాడు. దాన్ని కిందపెట్టి ఇంకోటి తీశాడు. అలా అన్నీ చూశాడు.

"ఎవరు కొలిచారు?" అని అడిగాడు చివరికి.

మేస్త్రీ గడ్డంతో కొలతమ్మ వైపు చూపించాడు.

"కిటికీ చట్రాల్లో కూర్చుంటాయి" అన్నాడు వడ్రంగి. చట్రానికి ఒక కొస ఆయన, ఒక కొస కొలతమ్మ పట్టుకుని వ్యానులోకి ఎక్కించారు. టీచరు ముందు సీటులో కూర్చుని, వెనక్కి తిరిగి పలకల మీద ఒక చెయ్యి ఆనించింది. కొలతమ్మ తాడు బిగించి, ముడి రెండుసార్లు లాగి చూసి, వ్యాను తలుపు మూసింది.